సూర్యుడేం జేసిండు సారూ

మా కాలనీ గ్రూపుల ఆ మెసేజ్ మళ్లొచ్చింది. ఈ రోజు రాత్రి 12.30 నుంచి 3.30 దాకా సూర్యుని తుఫాను, కాస్మిక్ కిరణాలు, ఫోన్లు బంద్ చేసి దూరం పెట్టుకోవాలె, టీవీల గూడ చెప్పిన్రట. ఏ రోజో ఉండదు, ఏ టీవీనో ఉండదు, ఏండ్ల సంది "ఈ రోజు రాత్రే".

మా ఎదురింటి రిటైర్డ్ సారు మాత్రం లైట్ తీస్కోలె. ఫోన్ ఆఫ్ చేసి, బిర్యానీ పార్సిల్ తోటి వచ్చిన వెండి కాయితంల చుట్టి, బియ్యం డబ్బాల పెట్టి, మూత మీద రుబ్బురోలు పొత్రం పెట్టిండు. బాగనే ఉంది. కానీ 12.40కి లేచి, పొత్రం దించి, మూత తీసి, బియ్యం దులిపి, కాయితం ఇప్పి, ఫోన్ ఆన్ చేసి గ్రూపుల అడిగిండు, "అందరు బంద్ చేసిన్రా?" అని. పదకొండు మంది "చేసినం సార్" అని రిప్లై ఇచ్చిన్రు. ఆయన పదకొండు మందికీ దండం బొమ్మ పెట్టి మళ్ల చుట్టిండు.

సూర్యుని తుఫాను అబద్ధమని నేనంటలేను. 1859ల వచ్చినప్పుడు టెలిగ్రాఫ్ ఆపరేటర్లకు షాకులు కొట్టినయ్, ముంబై కొలాబా అబ్జర్వేటరీల అయస్కాంతం రీడింగులు గూడ ఎగిరిపడ్డయ్. 2024 మేల గసుంటి తుఫానుకే లడఖ్‌ల హన్లే అబ్జర్వేటరీ కెమెరాలకు ఆకాశంల ఎర్రటి వెలుగు చిక్కింది. మన వరంగల్ భద్రకాళి చెరువు మీద మాత్రం ఎప్పటి లెక్కనే దోమలు. సూర్యుని మీద లేచిన మంట వెలుగు 8 నిమిషాలల్ల వస్తది గానీ, అసలు తుఫాను లేపే కణాల మబ్బు సూర్యుని కాడికెల్లి ఇక్కడికి రానీకి మామూలుగ ఒకటి నుంచి మూడు రోజులు పడ్తది, భూమికి 15 లక్షల కిలోమీటర్ల అవుతల మన ఆదిత్య ఎల్1 నౌక సూర్యుని మీదనే కన్నేసి కూసుంది. అంటే సూర్యుడు ముందు చెప్పి వస్తడు, మా దిక్కు కరెంటోళ్లు గూడ గట్ల చెప్పరు.

నాకు కాలింది ఎక్కడంటే, పోయిన యాసంగిల పరకాల దిక్కు మా ఊర్ల ట్రాన్స్‌ఫార్మర్ కాలింది. వరి పొట్టకొచ్చి ఉంది. మా బాపు కరెంటాఫీసుకు పోతే అక్కడి సారు కుర్చీలకెల్లి లేవకుంటనే, "పైన సోలార్ తుఫానులు నడుస్తున్నయ్ కదా పెద్దమనిషీ, మేమేం చేస్తం" అన్నడు.

ఏ తుఫాను సారూ? గా తుఫాను కరెంటు వందల కిలోమీటర్ల పెద్ద లైన్లల్ల పారుతది, అది గూడ ఎక్కువ ధ్రువాల దిక్కు దేశాలల్ల. భూమధ్యరేఖకు 18 డిగ్రీల కాడనే ఉన్న మా ఊరి 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ డబ్బాను ఎతుక్కుంట వచ్చిందా? దాని మీద ఎన్ని మోటర్లు గుంజుతున్నయో నీకు తెల్వదా, ఆయిల్ కారుతుందని మూడు సార్లు చెప్పలేదా? 1989 మార్చిల కెనడాల క్యూబెక్‌ల నిజంగనే సూర్యుని తుఫానుకు గ్రిడ్ కూలింది, 60 లక్షల మందికి కరెంట్ పోయింది, 9 గంటలల్ల చానమందికి మళ్లొచ్చింది. మాకు ఒక్క డబ్బాకు 11 రోజులు. మడి నెర్రెలు బారింది. రైతులే తలా 500 ఏస్కొని, ట్రాక్టర్ కిరాయి కట్టి, కాలిన డబ్బాను వాళ్లే మోసుకపోయిన్రు, హమాలీ గూడ వాళ్లదే. సిగ్గుండాలె.

నిన్న మళ్ల ఫేజ్ పోయిందంటే ఆ కరెంటాఫీసు సారుకు ఫోన్ కొట్టిన. స్విచ్ ఆఫ్. బియ్యం డబ్బాల పెట్టిండేమో.