కబ్జా అయింది, ప్రహరీ మాత్రం చెక్కుచెదరలేదు

మా కాలనీ సంక్షేమ సంఘం వెబ్‌సైట్‌లో పది రోజులుగా రమ్మీ ఆడుతున్నారు. కమ్యూనిటీ హాలు గోడ మీద 'ఇచ్చట పేకాట ఆడరాదు' అని ఎర్ర రంగుతో రాయించింది ఈ సంఘమే. పైగా తెలంగాణలో ఆన్‌లైన్ పేకాటను 2017లోనే నిషేధించారు. అంటే సంఘం ఒక్క దెబ్బకు తన తీర్మానాన్నీ, రాష్ట్ర చట్టాన్నీ కలిపి అతిక్రమించింది. బోరు మోటారు చందా వివరాలు చూద్దామని సైట్ తెరిచిన మూడో వీధి హెడ్‌మాస్టారికి 'స్వాగతం! మీకు 500 బోనస్' అని కనిపించిందట. ఆ అయిదొందలూ ఈ నెల మెయింటెనెన్స్‌లో సర్దేయమని ఆయన కోశాధికారికి ఫోన్ చేశారు. అలా బయటపడింది విషయం. మా డొమైన్, అంటే సైట్ చిరునామాగా వాడే పేరు, గడువు ఎప్పుడో తీరిపోయి రమ్మీ వాళ్ల చేతిలో పడింది.

కుర్రవాళ్లు దీన్ని నిర్లక్ష్యం అంటున్నారు. నేను ఒప్పుకోను. దోషమంతా 'రిజిస్ట్రేషన్' అన్న మాటది. హైదరాబాద్‌లో రిజిస్ట్రేషన్ అంటే ఏమిటి? పొద్దున్నే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు పోయి, స్టాంపు డ్యూటీ కట్టి, ఫొటో దిగి, వేలిముద్ర వేసి, సాక్షులిద్దరికీ ఇడ్లీ వడ పెట్టించామంటే ఆ రెండొందల గజాలూ మునిమనవళ్ల దాకా మనవే. డొమైన్ల లోకంలో అదే మాటకు అర్థం కిరాయి. ఏడాదికి కట్టుకోవచ్చు, మహా అయితే పదేళ్లకు. గడువు తీరితే మళ్లీ కట్టాలి. సొంతిల్లు అన్నదే లేని ఆ ఊళ్లో మైక్రోసాఫ్ట్ అయినా, మా సంఘమైనా కిరాయిదార్లే.

ఇదంతా అధ్యక్షుల వారికి వివరిస్తే ఆయన నింపాదిగా విని, "కాగితాలున్నయి గద సార్? ముందుగల ఈసీ తీపిద్దాం" అన్నారు.

తీశాం. ఆస్తి ఎవరి పేరున ఉందో చెప్పే ఈసీ లాంటిది డొమైన్లకూ ఉంది, దాన్ని హూఈజ్ అంటారు. పాత రికార్డు తిరగేస్తే తేలిందేమిటంటే, మా డొమైన్ కొన్నది మాజీ అధ్యక్షుల అల్లుడుగారు. సంప్రదించాల్సిన మెయిల్ దగ్గర ఆయన ఇచ్చింది అదే డొమైన్ మీద తెరిచిన కార్యదర్శి మెయిల్. దాని పాస్‌వర్డు అల్లుడుగారికే తెలుసు, అల్లుడుగారు డాలస్‌లో ఉన్నారు. ఇంటర్నెట్ పేర్ల వ్యవహారం చూసే ఐకాన్ సంస్థ నియమం ప్రకారం డాట్ కామ్ లాంటి పేర్లకు మూడు నోటీసులు పంపాలి: గడువుకు దాదాపు నెల ముందు ఒకటి, వారం ముందు ఒకటి, తీరిన అయిదు రోజుల్లోపు ఇంకొకటి. మొదటి రెండూ తాళం వేసిన పెట్టెలో పడ్డాయి. మూడోది వచ్చేసరికి పెట్టే లేదు. డొమైన్ ఆగితే దాని పేరు మీది మెయిళ్లూ ఆగిపోతాయి మరి. ఇంటికి తాళం పడిందన్న నోటీసును ఆ ఇంటి కిటికీలోంచే లోపలికి విసిరినట్టయింది.

నిజానికి ఆ లోకం మన రెవెన్యూ శాఖ కన్నా దయగలది. డాట్ కామ్ పేరు గడువు తీరగానే ఎవరికో ఇచ్చేయరు. అమ్మిన కంపెనీ తన ఇష్టాన్ని బట్టి 45 రోజుల దాకా ఆగవచ్చు. అప్పుడు మామూలు రుసుముతోనే బయటపడొచ్చు. అదీ దాటితే మరో 30 రోజులు, ఈసారి జరిమానాతో. ఆ తర్వాత 5 రోజులు బ్రహ్మదేవుడు దిగివచ్చినా ఏమీ చేయలేడు, పేరు రద్దు కోసం ఎదురుచూస్తుంటుంది. మొత్తం 80 రోజులు. ఈ 80 రోజుల్లో మా కమిటీ రెండుసార్లు సమావేశమైంది, మొదటిసారి చవితి చందాల గురించి, రెండోసారి లడ్డూ వేలం గురించి. సైట్ తెరుచుకోవట్లేదన్న సంగతి రెండుసార్లూ 'ఇతరములు' కింద వచ్చింది. నెట్ స్లోగా ఉందని ఏకగ్రీవంగా తీర్మానించి సమోసాలు తిన్నారు.

పాత పేర్లనూ వేలం వేస్తారు. కొన్ని కంపెనీలు 80 రోజులూ ఆగకుండా మధ్యలోనే వేసేస్తాయి. వేలమంటే మనకు కొత్తా? 1994లో 450 రూపాయలు పలికిన బాలాపూర్ లడ్డూ 2024లో 30 లక్షల 1 వెయ్యికి పోయింది. మా కాలనీ లడ్డూ కూడా లక్ష దాటింది. డొమైన్‌కు ఏడాదికి అయ్యేది వెయ్యి, పదిహేను వందలు. లడ్డూ మీద అద్దిన జీడిపప్పు ఖర్చు.

మన పేరుతో ఆ రమ్మీ వాళ్లకేం పని అని అడిగారు అధ్యక్షులు. మెయిన్ రోడ్డు మడిగెతో ఏం పనో అదే పని. పదేళ్లుగా నడిచిన చిరునామా కాబట్టి అటూ ఇటూ లింకులుంటాయి, అలవాటుగా వచ్చే జనం ఉంటారు. ఇలాంటి పేరు ఖాళీ అయిన క్షణంలోనే పట్టుకోవడానికి సాఫ్ట్‌వేర్లు కాపు కాస్తుంటాయి. మన బ్రోకర్లు కనీసం టీ తాగడానికైనా లేస్తారు.

సంఘానికి ఊరట కలిగించే సంగతి ఒకటుంది. 1998లో మన ఊళ్లో కేంద్రం తెరిచిన మైక్రోసాఫ్ట్, సరిగ్గా మరుసటి ఏడాది డిసెంబరులో పాస్‌పోర్ట్ డాట్ కామ్ అనే తన డొమైన్‌కు డబ్బు కట్టడం మరిచిపోయింది. దాని మీద నడిచే హాట్‌మెయిల్ లాగిన్‌లు మొరాయించాయి. క్రిస్మస్ పూట సంబంధం లేని ఒక ప్రోగ్రామర్ తన జేబులోంచి 35 డాలర్లు కట్టి ఒడ్డున పడేశాడు. అప్పటికి సత్య నాదెళ్ల సీఈఓ కాలేదు గనుక హైదరాబాద్‌కు మచ్చ రాలేదు.

మొన్న ఆదివారం అత్యవసర సమావేశం పెట్టి కొత్త పేరు కొనడానికి తీర్మానించారు. గేటు బోర్డు మీద పాత చిరునామా చెరిపి కొత్తది రాయడానికి పెయింటర్ నాలుగు వేలు అడిగాడు, బేరమాడకుండా ఇచ్చారు. డొమైన్ ఎన్నేళ్లకు తీసుకుందామంటే మాత్రం గంట చర్చ జరిగి, అనవసర ఖర్చెందుకని ఒక్క ఏడాదికే తీసుకున్నారు. ఎవరి పేరు మీద అన్నదానికి చర్చ రాలేదు. కంప్యూటర్ తెలిసినవాడు కోశాధికారి గారి అబ్బాయి ఒక్కడే. వచ్చే నెలలో అతని వీసా ఇంటర్వ్యూ. చిలుకూరులో పదకొండు ప్రదక్షిణలు నిన్ననే పూర్తయ్యాయట.