వరద తీశాక వకీలు కావాలి

విజయవాడలోని సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీల నుంచి బుడమేరు వాగు నీళ్లు దిగిపోయాయి గానీ, ఆ నీళ్లు తెచ్చిపెట్టిన కాగితాల తంటా అంత తొందరగా దిగలేదు. 2024 సెప్టెంబర్ 1 నాటి వరదలో ఈ నగరం చూపిన మంచితనం చిన్నది కాదు. పులిహోర పొట్లాలు, పాల ప్యాకెట్లు, నీళ్ల సీసాలు పట్టుకుని ట్రాక్టర్ల మీద, పడవల మీద ఎవరికి చేతనైంది వాళ్లు చేశారు. అన్నం పొట్లాల అవసరం తీరాక ఇంకో అవసరం మొదలవుతుంది. అది తీర్చగలిగింది న్యాయవాదులే. మళ్లీ అలాంటి రోజు రాకముందే విజయవాడ, గుంటూరు న్యాయవాదులు ఇందుకు సిద్ధమై ఉండాలని మేం కోరుతున్నాం.

పరిహారం సంగతే చూడండి. మునిగిన ఇంట్లో గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లకు 25 వేలు, పై అంతస్తుల వాళ్లకు 10 వేలు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. సిబ్బంది వీధి వీధీ తిరిగి లెక్కలు రాసుకున్నారు. ఆ తర్వాత జాబితాలో మా పేరు లేదంటూ జనం వార్డు సచివాలయాల చుట్టూ, కలెక్టరేట్ చుట్టూ తిరిగారు. ఇలాంటప్పుడు ఎక్కువ చిక్కు అద్దెకున్నవాళ్లదే. ఆధార్‌లో సొంతూరి అడ్రస్ ఉంటుంది. కరెంటు బిల్లు ఓనర్ పేరు మీద వస్తుంది. అద్దెకు రాతకోతలు ఉండవు. మంచం, మిక్సీ, బియ్యం బస్తా పోగొట్టుకున్నది తానేనని ఆ మనిషి ఏం చూపించి రుజువు చేసుకోవాలి? పిల్లల స్కూల్ ఫీజు రసీదు, గ్యాస్ బుక్, పక్కింటివాళ్ల సంతకాలు, ఓనర్ రాసిచ్చిన కాగితం, వీటిలో ఏది దొరికితే అది జతచేసి అర్జీ పెట్టొచ్చు. ఆ సంగతి తెలిసినవాళ్లు పక్కన ఒక్క గంట కూర్చుంటే సగం టెన్షన్ తీరుతుంది. కౌంటర్ దగ్గర నోటిమాటగా చెప్పుకున్న మొరను ఎవరూ గుర్తుపెట్టుకోరు. తేదీ, ముద్ర ఉన్న రసీదు చేతిలో ఉంటే రేపు పై అధికారినైనా నిలదీసి అడగొచ్చు.

బీమా ఇంకో చిక్కుముడి. నీళ్లలో మునిగిన బండిని తొందరపడి స్టార్ట్ చేస్తే నీళ్లు ఇంజిన్ లోపలికి పోతాయి. అప్పుడు నష్టం నీ చేతులారా తెచ్చుకున్నదే అంటూ కంపెనీ క్లెయిమ్ కొట్టేయొచ్చు. నష్టం లెక్కగట్టే బీమా సర్వేయర్ వచ్చేదాకా తాళం తిప్పవద్దని మొదటి రోజే చెప్పేవాళ్లుంటే ఎన్ని ఆటోలు దక్కుతాయో! క్లెయిమ్ కాదని ఉత్తరం వస్తే చాలామంది అక్కడితో వదిలేస్తారు. ఏడాదిలోపు బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి అయిన బీమా అంబుడ్స్‌మన్‌కు, రెండేళ్లలోపు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. పర్మనెంట్ లోక్ అదాలత్‌లో అయితే కోర్టు ఫీజు కూడా ఉండదు. అంబుడ్స్‌మన్ దగ్గర వకీలు వాదించడానికి వీల్లేదు, బాధితులే చెప్పుకోవాలి. ఆ ఫిర్యాదును తప్పుల్లేకుండా రాసిపెట్టడమే అక్కడ వకీలు చేయగలిగిన సాయం. తడిసి ముద్దైన దస్తావేజు రిజిస్టర్ అయినదైతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు దొరుకుతుంది. తెల్లకాగితం అగ్రిమెంట్ మీద స్థలం కొనుక్కున్న కూలీ కుటుంబానికి ఆ దారి కూడా లేదు. వాళ్ల దగ్గరికే ముందు వెళ్లాలి.

ఇది దయాధర్మంగా అడుగుతున్నది కాదు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ వరద బాధితులను ఉచిత న్యాయ సహాయానికి అర్హులుగా పేరు పెట్టి చెప్పింది. వాళ్ల ఆదాయం ఎంతని అడగనక్కర్లేదు. విపత్తు బాధితుల కోసమే జాతీయ న్యాయ సేవాధికార సంస్థ 2010లో ఒక పథకం తెచ్చింది. ఆ సంస్థ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేస్తే చాలు. పేదలకు ఉచితంగా సాయపడటం న్యాయవాది ఉన్నత బాధ్యతల్లో ఒకటని బార్ కౌన్సిల్ నియమాలే చెబుతున్నాయి. కోవిడ్ మృతుల కుటుంబాలకు 50 వేల పరిహారం వచ్చిందంటే 2021లో న్యాయవాదులు సుప్రీంకోర్టు తలుపు తట్టబట్టే. ఆ డబ్బు అందరికీ అందడం లేదని తేలాక 2022 జనవరిలో అదే కోర్టు మన రాష్ట్ర ప్రధాన కార్యదర్శిని పిలిచి సంజాయిషీ అడిగింది. న్యాయ సేవాధికార సంస్థలను బాధితుల దగ్గరికి పంపింది.

కాలనీలో బల్ల వేసుకుని కూర్చుంటే కేసుల కోసం వచ్చారనుకుంటారేమోనని కొందరు న్యాయవాదులు వెనకాడతారు. క్లయింట్లను వెతుక్కుంటూ వెళ్లకూడదన్న నియమం ఉన్నమాట నిజమే. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ బ్యానర్ కింద కూర్చుంటే ఆ మాట రాదు. వాళ్లు రాకపోతే ఆ జాగాలో బ్రోకర్ కూర్చుంటాడు. పరిహారం ఇప్పిస్తానని అందులో వాటా అడుగుతాడు. న్యాయవాదికి అలా వాటా మాట్లాడుకోవడం నిషేధం. బ్రోకర్‌కు అలాంటి వృత్తి నియమం ఏదీ లేదు. ఈ ఒక్క కారణం చాలదా వకీళ్లు కోర్టు కాంప్లెక్స్ దాటి వార్డుల్లోకి రావడానికి?

వానాకాలానికి ముందే బార్ అసోసియేషన్లు వార్డుకో జట్టును రాసిపెట్టుకోవాలి. ఇద్దరు జూనియర్లు, ఒక సీనియర్, న్యాయ సేవాధికార సంస్థ తరఫున జనానికి సాయపడే ఒక పారా లీగల్ వాలంటీర్ సరిపోతారు. ఆడవాళ్లు మొహమాటం లేకుండా మాట్లాడేలా ప్రతి జట్టులో ఒక మహిళా న్యాయవాది ఉండాలి. అర్జీ, క్లెయిమ్, నకలు దరఖాస్తు నమూనాలు తెలుగులో ముందే అచ్చువేసి ఉంచాలి. వరద తీసిన వారంలో న్యాయవాదికి వాయిదాలు అడ్డు రాకుండా జిల్లా జడ్జి చూడాలి. వార్డు సచివాలయం ఒక గది, ఒక జిరాక్స్ మిషన్ ఇవ్వాలి. పరిహారం జాబితా గోడకు అంటించిన రోజునే ఆ పక్కన జట్టు ఫోన్ నంబరు కూడా అంటించాలి.