40 వేల స్టిక్, అరిగిపోయిన క్లాత్

తిరుపతి ఏఐఆర్ బైపాస్ రోడ్డు దగ్గర ఒక సందులో, మేడ మీదున్న పూల్ పార్లర్‌కి (టేబుల్ మీద స్టిక్‌తో బంతులు కొట్టి పాకెట్లలో వేసే ఆట) చాలా ఏళ్లుగా పోతున్నాను. ఈమధ్య ఒక ఇంజినీరింగ్ కుర్రాడు పక్కన కూర్చుని ఫోన్ చూపించాడు. కార్బన్ ఫైబర్ షాఫ్ట్, అంటే స్టిక్‌లో ముందు సగం. షాఫ్ట్ ఒక్కటే 500 డాలర్ల వరసలో ఉంది, అంటే 40 వేల పైమాటే. "కొనమంటావా అన్నా?" అన్నాడు.

వద్దన్నాను. ఎందుకో అక్కడ సరిగా చెప్పలేకపోయాను. ఇక్కడ లెక్క వేసి చెబుతాను.

ముందు ఆ షాఫ్ట్ గొప్పతనం ఒప్పుకోవాలి. సైడ్ పెట్టి, అంటే స్టిక్‌తో తెల్ల బంతిని నడిమిన కాకుండా పక్కన కొడితే, అది మనం గురి చూసిన గీత మీద పోదు, కాస్త అవతలికి జరిగి పోతుంది. స్టిక్ ముందు కొస బరువైన కొద్దీ ఆ జరగడం ఎక్కువవుతుంది. కార్బన్ కొస తేలిక కాబట్టి అది తగ్గుతుంది, పూర్తిగా పోదు. 2016లో స్టిక్‌లు తయారుచేసే ప్రెడేటర్ కంపెనీ రెవో అనే కార్బన్ షాఫ్ట్ తెచ్చినప్పటి నుంచి పెద్ద ఆటగాళ్లు చాలామంది ఇటు మళ్లారు. పైగా చెక్క స్టిక్‌ని నెలల తరబడి గోడకి ఆనించి వదిలేస్తే వంగుతుంది, ఇది వంగదు.

ఇక డబ్బు సంగతి. పార్లర్‌లో ఆదివారం నాకౌట్ టోర్నమెంట్ పెట్టారనుకుందాం. 16 మంది, తలా 500. మొత్తం 8 వేలు. మొదటి బహుమతి 4 వేలు, రెండోది 2 వేలు, మిగతా 2 వేలు టేబుళ్ల కింద ఓనరుకి. అందరూ సమానంగా ఆడేవాళ్లే అయితే ఒక్కొక్కరికి సగటున తిరిగొచ్చేది 375 రూపాయలు. అంటే ప్రతి ఆదివారం 125 పోగొట్టుకోవడానికే వస్తున్నాం. ఇప్పుడు మన కుర్రాడు షాఫ్ట్ కొన్నాడు, దానివల్ల ఒక్కో మ్యాచ్‌లో గెలిచే అవకాశం 50 నుంచి 52 శాతానికి పెరిగింది. నేను ఉదారంగానే వేస్తున్నా. అప్పుడు సగటు రాబడి 427 అవుతుంది. ఆదివారానికి 52 రూపాయలు ఎక్కువ. ఈ లెక్కన 40 వేలు తిరిగి రావాలంటే 760కి పైగా టోర్నమెంట్లు ఆడాలి. వారం తప్పకుండా ఆడినా పద్నాలుగేళ్లు దాటుతుంది. అప్పటికీ ప్రతి ఆదివారం ఎంట్రీ ఫీజులో 73 రూపాయలు నష్టమే!

పైస్థాయిలో డబ్బు లేదని కాదు. 2024లో జెడ్డాలో జరిగిన ప్రపంచ పూల్ చాంపియన్‌షిప్ విజేతకి రెండున్నర లక్షల డాలర్లు ఇచ్చారు. మన దేశంలో మాత్రం ఈ ఆటలో అసలైన ప్రైజ్ మనీ ఉద్యోగమే. బిలియర్డ్స్, స్నూకర్‌లో ఎన్నోసార్లు ప్రపంచ చాంపియన్ అయిన పంకజ్ అద్వానీ అంతటివాడు ఓఎన్‌జీసీ ఉద్యోగి. తిరుపతి మేడ మీది నుంచి అక్కడిదాకా పోవాలంటే చెన్నై, బెంగళూరు టేబుళ్ల మీద ఆడి గెలవాలి. మనవాళ్లు అక్కడే బోల్తా పడుతున్నారు.

దానికి ఒక కారణం మన పార్లర్ల రివాజులోనే ఉంది. ఓడినవాడే టేబుల్ డబ్బు కట్టాలి. గంటకి వంద అనుకోండి, రోజుకి రెండు గంటలు ఓడేవాడికి నెల తిరిగేసరికి ఐదారు వేలు వదులుతుంది. బాగా ఆడేవాడికి పైసా ఖర్చుండదు. వాడి ప్రాక్టీసుకి కొత్త కుర్రాళ్లు డబ్బు కడుతున్నట్టు. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ ఫ్రీగా ఆడాలంటే తనకన్నా తక్కువ వాళ్లతోనే ఆడాలి. చెన్నై పోతే బస్సు, భోజనం, ఎంట్రీ ఫీజు తడిసి మోపెడవుతాయి, మొదటి రౌండ్‌లోనే ఓడి రాత్రి బస్సెక్కాల్సి రావచ్చు. ఇక్కడే ఉంటే రాజు. ఎందుకు పోతాడు?

నేను ఒకసారి పోయాను. అక్కడి టేబుల్ మీద పరిచిన క్లాత్ మీద బంతి ఆగదే! ఇక్కడ మూడడుగులు పోయే దెబ్బకి అక్కడ ఐదడుగులు పోయింది. పాకెట్లు కూడా సన్నం. పోటీ నిబంధనల్లో మూల పాకెట్ వెడల్పు నాలుగున్నర అంగుళాలు, మహా అయితే ఇంకో ఎనిమిదో వంతు అంగుళం. మా పార్లర్ పాకెట్లు నోరు తెరుచుకుని బంతి కోసం ఎదురు చూస్తుంటాయి.

ఆడలేక మద్దెల ఓడు అంటారు. నిజమే, నేను గొప్ప ఆటగాడినేమీ కాదు. అయినా మద్దెల నిజంగా ఓడైన సందర్భం కూడా ఒకటుంటుంది కదా. మా తెల్ల బంతినే తీసుకోండి. ప్రతి షాట్‌లోనూ దెబ్బ తినేది అదే, అందుకని అన్నిటికన్నా ముందు అదే అరుగుతుంది. అది పాడైతే ఇంకో సెట్లోది తెచ్చి పెడతారు, బరువు సరిపోదు. మిగతా బంతులకి స్టిక్ కొసకి రాసే చాక్ పొడి, చేతుల జిడ్డు. మురికి బంతులు తగిలినప్పుడు ఒకదానికొకటి క్షణం అంటుకున్నట్టయి కోణం మారిపోతుంది. షాఫ్ట్ తగ్గించిన తప్పుని ఈ మురికి మళ్లీ తెచ్చిపెడుతుంది.

ఆటని తేల్చే సామాను ఆటగాడి సంచిలో లేదు, ఓనరు చేతిలో ఉంది. ఆయనకి డబ్బొచ్చేది గంటల లెక్కన. క్లాత్ కొత్తదైనా పాతదైనా గంట గంటే. కొత్తది వేస్తే మర్నాడే ఎవడో స్టిక్‌తో గీరి చింపుతాడని భయం. ఆయన్ని తప్పు పట్టలేను.

అయితే ఏం కొనాలి? సొంత స్టిక్ ఉండాలి, మామూలు చెక్కది చాలు. రోజూ అదే బరువు, అదే టిప్ (స్టిక్ కొసన ఉండే చిన్న ముక్క) చేతికి అలవాటు కావాలి. టిప్ మీద మాత్రం పిసినారితనం వద్దు, బంతిని తాకేది అదొక్కటే, అదీ సెకనులో వెయ్యో వంతు సేపు. మిగిలిన డబ్బు చెన్నై బస్సుకి. నలుగురు కలిస్తే ఆ 40 వేలలో మంచి బాల్స్ సెట్ కొని, టేబుల్ పక్కన సొంతంగా పెట్టుకున్నా ఇంకా మిగులుతుంది.

పోయిన ఆదివారం టోర్నమెంట్ అయ్యాక ఓనరుని కదిపాను. ఒక్క టేబుల్‌కైనా మంచి క్లాత్ వెయ్యమన్నాను. "వేస్తానన్నా, ఆ టేబుల్‌కి గంటకి ముప్పై పెంచుతా, ఆడతారా?" అని అందరి వైపూ తిరిగి అడిగాడు. పదహారు మందిలో చేతులెత్తింది ఐదుగురు. షాఫ్ట్ కుర్రాడు ఎత్తలేదు. ఆర్డర్ పెట్టేశాడట.