బాకీ వసూలు బిల్లు రాసిన రోజే మొదలవ్వాలి

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో నాకు బాగా తెలిసిన లేత్ షెడ్డు ఒకటి ఉంది. రెండు మిషన్లు, ఇద్దరు పనివాళ్లు, వాళ్లతో పాటు తెల్లారి నుంచి నూనె మరకల్లో ఉండే యజమాని. టిప్పర్ బాడీలు కట్టే ఒక కంపెనీకి పిన్నులు, బుష్‌లు చేసి ఇస్తుంటారు. ఇలాంటి చిన్న యూనిట్లకు లెక్కలు రాయడం, జీఎస్టీ రిటర్నులు వేయడం నా పని. ఒక వేసవి సాయంత్రం ఆయన ప్లాస్టిక్ కవరు నిండా కాగితాలు పట్టుకుని వచ్చారు. 5 లక్షల 90 వేలు రావాలి, పద్నాలుగు నెలలైంది, ఎప్పుడు వెళ్లినా 'వచ్చే వారం చూద్దాం' అంటున్నారు, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు అన్నారు.

కవరులో బిల్లులు అన్నీ ఉన్నాయి. మాల్ దిగినట్టు అవతలివాళ్లు సంతకం పెట్టిన చలానాలు మాత్రం సగమే ఉన్నాయి. ఆర్డరు కాగితమంటూ ఏదీ లేదు, అంతా ఫోన్లోనే నడిచింది. చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర చేయించుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంది కానీ ఆ నంబరు ఏ బిల్లు మీదా వేయలేదు. పద్నాలుగు నెలల్లో బాకీ కోసం ఒక్క ఉత్తరం గానీ, ఒక్క మెయిల్ గానీ పంపలేదు. ఎందుకు రాయలేదని అడిగితే, "రాస్తే బాగుండదేమో అండీ, పాత పార్టీ" అన్నారు.

ఆ 'బాగుండదేమో' గురించే ఈ వ్యాసం. అడగందే అమ్మైనా పెట్టదంటారు. మన చిన్న వ్యాపారులు అడగరని కాదు, రోజూ అడుగుతూనే ఉంటారు. కాకపోతే నోటితో అడుగుతారు, ఫోన్లో అడుగుతారు, గేటు దగ్గర నిలబడి అడుగుతారు. వీటిలో ఏదీ రేపు ఎవరి ముందూ సాక్ష్యంగా నిలబడదు. చట్టం చిన్నవాడి పక్షాన గట్టిగానే ఉంది. దాన్ని వాడుకోవడానికి కావలసిన కాగితం మన చేతిలో ఉండటం లేదు.

ముందు ఆ బాకీ ఆయనకు ఎంత ఖర్చు పెట్టిందో చూద్దాం. బిల్లులో 5 లక్షలు సరుకు విలువ, 90 వేలు 18 శాతం జీఎస్టీ. కొన్నవాడు డబ్బిచ్చినా ఇవ్వకపోయినా, ఆ పన్ను మరుసటి నెల 20వ తేదీకల్లా అమ్మినవాడే కట్టాలి. ఇనుము కొన్నప్పుడు తను కట్టిన జీఎస్టీకి వచ్చే తగ్గింపు (ఇన్‌పుట్ క్రెడిట్) పోగా మిగిలింది జేబులోంచి పోయినట్టే. ఆటోనగర్‌లో చేతి అప్పు నూటికి రెండు రూపాయల వడ్డీ. ఈ 5 లక్షల 90 వేలకు సరిపడా అప్పు తెచ్చి షెడ్డు నడిపారనుకుంటే నెలకు 11,800, పద్నాలుగు నెలలకు లక్షా 65 వేల పైచిలుకు. ఆ పనిలో ఆయనకు మిగలాల్సిన లాభం అందులోనే కరిగిపోయింది. అవతలి కంపెనీ మాత్రం ఒక్క రూపాయి వడ్డీ లేకుండా అంత డబ్బు తిప్పుకుంది. ఆ కంపెనీకి ఏ బ్యాంకూ ఇవ్వని అప్పును ఈ ఇద్దరు పనివాళ్ల షెడ్డు ఇచ్చింది.

ఇప్పుడు చట్టం సంగతి. 2006 ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) అభివృద్ధి చట్టంలో 15వ సెక్షన్ నుంచి 24వ సెక్షన్ వరకు ఉన్నదంతా ఈ ఆలస్యపు చెల్లింపుల గురించే. సూక్ష్మ, చిన్న పరిశ్రమల దగ్గర సరుకో సేవో తీసుకున్నవారు రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులోని గడువులోగా డబ్బివ్వాలి. ఆ గడువు ఎట్టి పరిస్థితుల్లోనూ 45 రోజులు దాటకూడదు. పర్చేజ్ ఆర్డర్లో 90 రోజులని రాయించుకున్నా చెల్లదు. ఒప్పందమే లేకపోతే 15 రోజులు. గడువు దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే 'బ్యాంక్ రేటు'కు మూడు రెట్లు చొప్పున, నెల నెలా అసలులో కలిసే చక్రవడ్డీ కట్టాలి. బ్యాంక్ రేటు ఐదున్నర అనుకుంటే వడ్డీ పదహారున్నర శాతం. 5 లక్షల మీద ఏడాదికి దాదాపు 89 వేలు. పైగా ఆ వడ్డీని కొన్నవాడు ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చూపించుకోవడానికి కూడా వీల్లేదు.

ఇందులో చాలామంది గమనించని మాట ఒకటుంది. సరుకు అందిన 15 రోజుల్లోగా కొన్నవాడు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, సరుకు అందిన రోజే దాన్ని ఒప్పుకున్నట్టు లెక్క. డబ్బు గట్టిగా అడిగిన ఐదో నెలలో 'మీ మాల్ క్వాలిటీ బాగాలేదు, సగం పక్కన పెట్టాం' అనే మాట మన దగ్గర ఎన్ని వందల మంది విని ఉంటారో! గుంటూరులో కారం, మసాలా పొడుల కంపెనీకి ప్యాకెట్ల మీద లేబుళ్లు అచ్చు వేసే ఒకాయనకు సరిగ్గా ఇదే జరిగింది. రంగు తేడా వచ్చిందన్నారు. ఆ లేబుళ్లన్నీ అప్పటికే ప్యాకెట్లకు ఎక్కి, అంగళ్లలో అమ్ముడైపోయాయి. ఆయన దగ్గర మాల్ అందిన తేదీతో, స్టాంపు వేసిన చలానాలు ఉన్నాయి. ఆ తేదీ నుంచి 15 రోజులు లెక్కపెట్టి ఒక ఉత్తరం రాసేసరికి రంగు తేడా మాట మళ్లీ వినపడలేదు. అందుకే చలానా మీద సంతకం, పేరు, తేదీ, స్టాంపు లేకుండా బండి వెనక్కి రాకూడదని నేను అందరికీ చెబుతాను. డ్రైవరుకు ఈ ఒక్క సంగతి నేర్పితే సగం కేసు గెలిచినట్టే.

ఇక కొన్నవారి వైపు. వాళ్లకు మన ఉత్తరం కంటే వాళ్ల ఆడిటర్ మాట ఎక్కువ భయం. 2023 ఫైనాన్స్ చట్టంతో 1961 ఆదాయపు పన్ను చట్టంలో 43బీ సెక్షన్‌కు (హెచ్) క్లాజు చేర్చారు. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు 15 లేదా 45 రోజుల గడువు దాటి బాకీ పడి, మార్చి 31 నాటికి కట్టకపోతే ఆ కొనుగోలును ఆ ఏడాది ఖర్చుగా ఒప్పుకోరు. పాతిక శాతం పన్ను కట్టే కంపెనీకి 5 లక్షల బాకీ అంటే లక్షా పాతిక వేల పన్ను ముందుగా మీద పడినట్టు. జీఎస్టీలోనూ అంతే. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో అమ్మినవాడికి డబ్బివ్వకపోతే, ఆ బిల్లు మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను వడ్డీతో సహా వెనక్కి కట్టాలి. ఈ రెండు విషయాలూ మర్యాదగా ఒక పేజీలో రాసి, ఉద్యమ్ సర్టిఫికెట్ జత చేసి, ఫిబ్రవరిలో కంపెనీ అకౌంట్స్ విభాగానికీ ఆడిటర్‌కూ పంపితే వచ్చే ఫలితం, ఏడాదంతా గేటు దగ్గర నిలబడినా రాదు. ఇందులో గొడవ లేదు, బెదిరింపు లేదు. వాళ్లు కట్టాల్సిన పన్ను సంగతి వాళ్లకు గుర్తు చేస్తున్నాం, అంతే.

దీనికీ ఒక చేదు ఫలితం లేకపోలేదు. 43బీ(హెచ్) వచ్చాక కొందరు పెద్ద కొనుగోలుదారులు ఉద్యమ్ రద్దు చేసుకోమని చిన్నవాళ్ల మీద ఒత్తిడి తెచ్చారు, ఆర్డర్లు వేరేవాళ్లకు మళ్లించారు. అలా అడిగితే రద్దు చేసుకోవద్దనే నా సలహా. సకాలంలో ఇస్తానని చెప్పే పార్టీకి ఆ కాగితంతో పేచీ ఉండదు.

ఉత్తరంతో కదలకపోతే, ఈ చట్టం కింద ఇలాంటి బాకీల తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్ ఉంది. 2017 అక్టోబరు నుంచి కేంద్ర ప్రభుత్వ సమాధాన్ పోర్టల్‌లో ఇంట్లో కూర్చుని ఫిర్యాదు వేయొచ్చు. దానికి తోడు 2025 జూన్‌లో ఆన్‌లైన్ వివాద పరిష్కార పోర్టల్ కూడా వచ్చింది. ఫిర్యాదు మన రాష్ట్రంలోని కౌన్సిల్‌కు వెళుతుంది. ఇక్కడ మనకు పెద్ద ఊరట ఏమిటంటే, అమ్మినవాడు ఎక్కడుంటే అక్కడి కౌన్సిల్‌కే అధికారం. కొన్నవాడు చెన్నైలో ఉన్నా, పుణెలో ఉన్నా మన దగ్గరికే రావాలి. ముందు రాజీకి ప్రయత్నిస్తారు, కుదరకపోతే ఆర్బిట్రేషన్, అంటే మధ్యవర్తి తీర్పు. ఆ తీర్పు మీద కోర్టుకు వెళ్లాలంటే కొన్నవాడు తీర్పు సొమ్ములో 75 శాతం ముందే డిపాజిట్ చేయాలి. పర్చేజ్ ఆర్డర్లో వేరే ఆర్బిట్రేషన్ నిబంధన ఉన్నా ఈ చట్టానిదే పైచేయి అని సుప్రీంకోర్టు 2022లో తేల్చింది.

90 రోజుల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. ఆచరణలో అంతకు చాలా ఎక్కువే పడుతోంది, ఆ మాట దాచి ఎవరికీ ఆశ పెట్టకూడదు. అయినా నా అనుభవంలో కౌన్సిల్ నోటీసు వెళ్లిన తర్వాత ఫోన్ ఎత్తని వాళ్లు ఫోన్ ఎత్తుతారు. వడ్డీ వదిలేయండి, అసలు ఇచ్చేస్తామంటారు. అక్కడ ఎంత వదులుకోవాలో ఎవరి లెక్క వారిదే.

ఉద్యమ్ విషయంలో ఒక జాగ్రత్త. సరుకు ఇచ్చాక రిజిస్ట్రేషన్ చేయించుకుంటే పాత బిల్లులకు ఈ రక్షణ రాదని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో మరో ధర్మాసనం దీనిపై భిన్నంగా ఆలోచించి, విషయాన్ని ముగ్గురు జడ్జీలకు నివేదించింది. ఆ చర్చ మనకెందుకు? రిజిస్ట్రేషన్ ఉచితం, ఆధార్, పాన్ ఉంటే చాలు. షెడ్డు తెరిచిన వారంలోనే చేయించుకుంటే సరి.

కాలం సంగతి మరీ ముఖ్యం. సరుకు బాకీకి లిమిటేషన్, అంటే దావా వేసే గడువు, మూడేళ్లు. ఆ మూడేళ్లలోపు బాకీ ఉన్నట్టు అవతలివాళ్లు సంతకంతో ఒప్పుకుంటే అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. పాత బాకీలో కొంత జమ చేసి, ఆ సంగతి వాళ్ల సంతకంతో రాసిచ్చినా అంతే. అందుకే ఏటా ఏప్రిల్‌లో ప్రతి పార్టీకీ లెడ్జర్ నకలు పంపి, బాకీ ఇంత అని సంతకం చేయించుకోవాలి. అడగడానికి ఇబ్బందిగా ఉంటే మా అకౌంటెంట్ అడుగుతున్నాడని నా మీద పెట్టేయమంటాను. సంతోషంగా ఆ నింద మోస్తాను. మొహమాటంతో మూడేళ్లు దాటించుకున్నవాళ్లను చూశాను. వాళ్ల దగ్గర ఎంత మంచి బిల్లులున్నా చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు.

చెక్కు తీసుకున్నవాళ్లకు ఇంకా తక్కువ టైమ్ ఉంటుంది. చెక్కు మూడు నెలల్లోపు బ్యాంకులో వేయాలి. బౌన్స్ అయినట్టు బ్యాంకు చెప్పిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. అవతలివాడికి నోటీసు అందాక 15 రోజులు ఆగి, ఆ తర్వాత నెలలోపు కోర్టులో ఫిర్యాదు వేయాలి. 'ఇంకోసారి వేయండి, ఈసారి పాసవుతుంది' అనే మాటను ఒకసారి నమ్మొచ్చు. తేదీలు క్యాలెండర్ మీద రాసుకుని నమ్మాలి.

ఇక విజయవాడలో అందరికీ తెలిసిన మరో దారి గురించి కూడా చెప్పాలి. సెటిల్‌మెంట్ చేసేవాళ్ల దగ్గరకు వెళ్లడం. వచ్చినదాంట్లో మూడో వంతో సగమో వాళ్లకు పోతుంది. బెదిరింపు కేసు మాత్రం మన పేరు మీద పడుతుంది. న్యాయంగా రావలసిన డబ్బు కోసం నేరస్తుడిలా స్టేషన్లో కూర్చున్న ఒక మెషిన్ షాపు పెద్దాయనను చూశాక ఆ దారి మీద నాకు ఏ సానుభూతీ మిగల్లేదు. స్టేషన్‌కే నేరుగా వెళ్లినా, ఇది సివిల్ తగాదా అంటారు, అది నిజమే. చిన్న మొత్తాలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు పిటిషన్ పెట్టొచ్చు, కోర్టు ఫీజు ఉండదు, రాజీ కుదిరితే ఆ అవార్డు సివిల్ డిక్రీతో సమానం. ఆ దారి తెలిసినవాళ్లు ఇంత తక్కువ ఉండటం బాధగా ఉంటుంది.

ఈ వ్యవస్థ మొత్తం చిన్నవాడు ముందుకొచ్చి ఫిర్యాదు చేస్తేనే కదులుతుంది. రేపటి ఆర్డరు ఎవరి చేతిలో ఉందో వాళ్ల మీదే ఫిర్యాదు చేయమంటోంది. లేత్ షెడ్డు యజమాని భయం పిరికితనం కాదు, ఇంటి ఖర్చు లెక్క. చిన్న పరిశ్రమలకు 45 రోజులు దాటి బాకీ ఉన్న కంపెనీలు ఆరు నెలలకోసారి ఎంఎస్‌ఎంఈ-1 ఫారంలో ఆ వివరాలు కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖకు ఇవ్వాలని 2019 నుంచి నిబంధన ఉంది. అంటే ఏ కంపెనీ ఎంత ఎగ్గొడుతోందో ప్రభుత్వం దగ్గర ముందే రాసి ఉంది. ఆ జాబితా చూసి ప్రభుత్వమే నోటీసులివ్వొచ్చు కదా? అలా చేస్తే ఫిర్యాదు చేశాడన్న పేరు ఎవరికీ రాదు. చిన్న సంస్థల బిల్లుల మీద ముందే డబ్బు ఇప్పించే ఆన్‌లైన్ వేదిక ట్రెడ్స్‌లోనూ ఇదే తీరు. బిల్లును అక్కడ పెడితే బ్యాంకులు పోటీపడి డబ్బిస్తాయి, కొన్నవాడు ఎగ్గొట్టినా మన మీదకు రావు. 250 కోట్ల టర్నోవరు దాటిన కంపెనీలు 2025 మార్చికల్లా అందులో చేరాలన్నారు. చేరడం ఒకటి, మన బిల్లును అందులో ఒప్పుకోవడం ఇంకొకటి. రెండోది తప్పనిసరి చేయనంత వరకు పెద్ద ఉపయోగం లేదు.

వ్యాపారుల సంగతి మరీ అన్యాయం. సరుకు తయారు చేయకుండా కొని అమ్మే హోల్‌సేల్, రిటైల్ వ్యాపారులకు 2021 జూలైలో ఉద్యమ్ ఇచ్చారు, కానీ బ్యాంకు రుణాల్లో ప్రాధాన్యం వరకే. 45 రోజుల రక్షణ వాళ్లకు లేదు. వన్‌టౌన్‌లో బేరింగులు అమ్మే కొట్టుకూ, వస్త్రలత మార్కెట్‌లో గుడ్డ అమ్మే కొట్టుకూ మిగిలినవి చెక్కు, లోక్ అదాలత్, 3 లక్షలు దాటితే విజయవాడ కమర్షియల్ కోర్టు. ఆ కోర్టులోనూ అత్యవసర ఉత్తర్వు అడగకపోతే ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లి రావాలి. బాకీ పెట్టేవాడు తయారీదారునూ కొట్టువాడినీ వేరుగా చూడటం లేదు. చట్టం మాత్రం వేరుగా చూస్తోంది. దీన్ని మార్చమని మన చాంబర్లు, అసోసియేషన్లు గట్టిగా అడగాలి.

ఆటోనగర్ షెడ్డు యజమాని విషయానికొస్తే, ముందు లెడ్జర్ పంపించాం. కంపెనీ అకౌంటెంట్ మెయిల్‌లో బాకీ ఒప్పుకున్నాడు. దాన్నే జత చేసి ఫిర్యాదు వేశాం. కౌన్సిల్ విచారణకు రాకముందే మూడు వాయిదాల్లో అసలంతా వచ్చింది, వడ్డీ ఆయన వదులుకున్నారు. నేను వద్దన్నాను, వినలేదు. మూడో వాయిదా పడిన వారానికి అదే కంపెనీ నుంచి ఫోన్లో కొత్త ఆర్డరు వచ్చింది. మెయిల్‌లో పంపమని చెప్పి, వచ్చేదాకా మిషన్ ఆన్ చేయలేదట.