జెండా పాట రేటు చెప్పి రైతును బండెక్కించే ఏఐ ఎవరికి కావాలె?

ఇయ్యాల హన్మకొండల ఓ హోటల్ల రైతుకు ఏఐ అని మీటింగు అయింది. కంపెనీ పేరెందుకు గని, హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్ద సారు స్టేజీ మీద ఫోన్ పట్టుకొని ‘ఎనుమాముల మార్కెట్‌ల తేజ మిర్చి రేటెంత?’ అని అడిగిండు. ఫోన్లకెళ్లి ఆడగొంతు టక్కున ఓ రేటు చెప్పింది. హాలంత చప్పట్లు. ఏ రోజు రేటు, ఏ సరుకు రేటు అని అడిగినోడు ఒక్కడు లేడు. ఒళ్లు మండింది.

అది జెండా పాట రేటు. మార్కెట్ ముఖం చూడని పెద్దమనుషుల కోసం చెప్తున్న: పొద్దుగాల కొనుగోళ్లు షురూ అయ్యేటప్పుడు మంచి సరుకు ఒకటి ముందల పెట్టి వ్యాపారులు పాట పాడ్తరు. అక్కడ పలికిన పై రేటే జెండా పాట. తెల్లారి పేపర్ల పెద్దక్షరాలతోటి పడేది గదే. మిగిలిన బస్తాల కథ వేరే. వ్యాపారి బస్తాల చెయ్యి పెట్టి కాయ పిసికి చూస్తడు. తేమ ఉన్నదా, రంగు దిగిందా, తాలు ఎంత కలిసింది... ఒక్కోదానికి ఇంత అని కోస్తనే పోతడు. తాలు కాయకైతే సగం రేటు దొరికినా గొప్పే. ఇగ ములుగు దిక్కు నుంచో భూపాలపల్లి దిక్కు నుంచో ఒకాయన ఈ ఆడగొంతు మాట నమ్మి రాత్రికి రాత్రి బండి కట్టిండనుకోండి. కిరాయి, హమాలీ, దడ్వాయి (తూకం కూలి), అడ్తి (దళారి) కమీషన్ అన్ని ఆయన మెడకే. రేటు నచ్చలేదని సరుకు మర్లేసుకపోతే మళ్లొక కిరాయి. ఫోన్ల గొంతుకేం పోయింది?

దీనికి మోడల్‌ను, అంటే ఫోన్ల మాట్లాడే ఆ ఏఐని, తిట్టి లాభం లేదు, పెట్టినోళ్ల సోమరితనం ఇది. భాషా మోడల్‌కు ఇయ్యాల్టి రేటు తెల్వదు. చదివిన రాతలకెళ్లి రేటు లెక్క కనపడేది అల్లి చెప్తది. ఆ రాతలల్ల పేపర్ హెడ్డింగులే ఎక్కువుంటే జెండా పాట కాక ఇంకేమొస్తది? రేటు అనేది మోడల్ నోట్లకెళ్లి రానే రావద్దు. మార్కెట్ రేట్లు పెట్టే సర్కారు వెబ్‌సైట్ అగ్‌మార్క్‌నెట్‌ల మార్కెట్ వారీగ, సరుకు వారీగ మూడు అంకెలుంటయి: తక్కువ, ఎక్కువ, ఎక్కువ సరుకు పోయిన రేటు. పట్టికలకెళ్లి ఆ మూడు తీసి, తేదీతోటి సహా చదివియ్యాలె. ప్రశ్న అర్థం చేసుకునుడు, జవాబు మాట్లాడుడు వరకే మోడల్ పని. ఆ రోజు డేటా రాకపోతే ‘ఇయ్యాల్టిది ఇంకా రాలే’ అని చెప్పి మార్కెట్ ఆఫీసు నంబరియ్యాలె. గంతే. గిది రాయడానికి పెద్ద పెద్ద మేధావులు అక్కర్లేదు. ‘రాలే’ అంటే డెమోల చప్పట్లు పడవు, అసలు బాధ అక్కడున్నది.

ఇగ పరీక్ష ముచ్చట. రైతు మాట్లాడిన వంద మాటలల్ల ఈ ఏఐ తొంభై ఐదు సరిగ్గ వింటదనుకుందాం, మరి ఆ తప్పిన ఐదు ఏవి? ‘అయితే’, ‘మరి’ తప్పితే ఎవనికీ నష్టం లేదు. ‘పదమూడు వేలు’ను ‘పదహారు వేలు’ అని వింటే క్వింటాల్‌కు 3,000 తేడా. అందుకే అంకెల తప్పులు విడిగ, రకాల పేర్ల తప్పులు విడిగ లెక్క తీయాలె. తేజ, వండర్ హాట్, 341, దీపిక. మన చపాట మిర్చికి 2025ల జీఐ (ఫలానా ప్రాంతం సరుకు అన్న) గుర్తింపు వచ్చింది, దాని పేరన్న వినొస్తదా అడగండ్రి. ఏసీ రూముల కూసొని కాయితం చూసి చదివిన గొంతుల మీద పరీక్ష పెడ్తే పాసే అయితది. యార్డుల బస్తాలు దించేటప్పటి లొల్లిల, నర్సంపేటాయన, పరకాలాయన, తండా అక్క మాట్లాడినయి కొన్ని వందల కాల్స్ రికార్డు చేసి పెట్టండ్రి. మామూలు ఫోన్ లైను మాటను 8 కిలోహెర్ట్జ్‌ల, అంటే సెకనుకు 8 వేల ముక్కలు చేసి పంపుతది, ఈ మోడళ్లు ఎక్కువగ 16 మీద నేర్చుకుంటయి. ఆ తేడా తోటే సగం పరేషానీ. స్టేజీ మీద ఖరీదు మైకుల మాట్లాడితే అది బయటపడ్తదా?

పైసల సంగతి సుత చెప్పలే సారు. 2024 మేల జీపీటీ-4ఓ అనే మోడల్ వచ్చినప్పుడు, దాన్ని చేసిన కంపెనీ ఓపెన్‌ఏఐ తానే పట్టిక పెట్టింది: ఒక నమూనా మాటకు తెలుగుల 159 టోకెన్లు (మోడల్ మాటను కోసుకునే ముక్కలు) పడేది 45కు తగ్గింది. శభాష్. గని ఇంగ్లీషుల అదే మాటకు 24. బిల్లు పడేది టోకెన్ల మీద. బడ్జెట్ ఇంగ్లీషు లెక్కల వేసి, బిల్లు తెలుగుల రాంగనే ‘వాడకం తక్కువున్నది’ అని లైను బంద్ పెడ్తరు, చూస్తుండండ్రి.

ఈ పెద్ద సార్లను ఏఐ ‘నడిపించే’ నాయకులంటున్నరు గద, నవ్వొస్తది. పక్క కంపెనీ పెట్టింది, మనం పెట్టకపోతే షేరు పడ్తదన్న భయం వీళ్లను నడిపిస్తున్నది. స్వీడన్ కంపెనీ క్లార్నా 2024ల మా ఏఐ 700 మంది పని చేస్తున్నదని చాటింపేసింది. ఏడాది తిరిగిందో లేదో నాణ్యత పడిపోయిందని మళ్లీ మనుషులను తీసుకునుడు మొదలుపెట్టింది. మైక్రోసాఫ్ట్ 2025 ఆర్థిక సంవత్సరంల ఏఐ డేటా సెంటర్లకు 80 బిలియన్ డాలర్లు పెడ్తమని 2025 జనవరిల చెప్పి, జులైల 9,000 మంది దాకా ఇంటికి పంపింది. బేగంపేట బడిల చదివిన మనోడు అని మైక్రోసాఫ్ట్ పెద్ద నాదెళ్ల సారు పేరు చెప్పి మురిసేటోళ్లు ఆ జాబితాల మనోళ్లెందరో సుత అడగండ్రి.

ఆఖరికి మీటింగుల ‘డేటాతోటి పేదలకు న్యాయం’ అన్న స్లయిడ్ సుత వేసిన్రు. రేషన్ కార్డులు ఏరేసిన సర్కారు కంప్యూటర్ వ్యవస్థ సమగ్ర వేదికను మర్చిపోయిన్రా? పేరేదైతేంది, పని గదే. వేరేవేరే శాఖల డేటా కలిపి, వీడూ వాడూ ఒక్కడే అని మిషన్ తేల్చుడు. మన పేర్లు ఇంగ్లీషు అక్షరాలల్ల ఒక్కో ఆఫీసుల ఒక్కో తీరు, ఇంటిపేరు ఒకచోట పూర్తిగ, ఇంకోచోట పొడి అక్షరం. ఊరికి పదిమంది కొమురయ్యలు, పదిమంది లక్ష్మిలు. పేర్లు ఎంత కలిస్తే ఒక్కడే అనుకోవాలె అన్న గీత కొద్దిగ వదులు చేస్తే ఈ కొమురయ్య ట్రాక్టర్ ఆ కొమురయ్య రేషన్ కార్డుకు అంటుకుంటది. బిగిస్తే దొంగ దొరకడు. అందుకే మిషన్ చెప్పినంక మనిషి పోయి చూడాలె. చూడలే. రిక్షా తొక్కి బతికినాయనకు కారున్నట్టు లెక్క తేలింది. రాష్ట్రంల 18 లక్షలకు పైగా కార్డులు పోయినయి, 2022 ఏప్రిల్ల సుప్రీంకోర్టు క్షేత్రస్థాయిల మళ్లీ పరిశీలించమన్నది. అప్పటిదాక ఆ ఇండ్లల్ల బియ్యం ఎవరు పోసిన్రు? తీసేసే ముందు ఇంటికొక నోటీసు పంపి, పదిహేను రోజులు ఆగి, ఊళ్లె వీఆర్ఏను పంపితే తేలిపోయే ముచ్చట. అప్పుడు పోస్టు కార్డు 50 పైసలు. అది సుత రాయలే.