సవరణ: కష్టం, మనష్షే గురించి రాసిన పోస్టుపై

కష్టాలు దారి తప్పిన విశ్వాసిని దేవుడి వైపు తిప్పుతాయని, యూదా రాజు మనష్షేని ఉదాహరణగా చూపిస్తూ రాసిన పోస్టుకు ఇది సవరణ. అందులో ఇచ్చిన బైబిల్ రిఫరెన్సు 2 రాజులు 21. ఆ అధ్యాయంలో అతని పాపాలే ఉన్నాయి, పశ్చాత్తాపం లేదు. అష్షూరు సైన్యాధిపతులు అతన్ని గొలుసులతో బబులోనుకు తీసుకెళ్ళడం, అక్కడ అతను తగ్గించుకుని ప్రార్థించడం, దేవుడు తిరిగి యెరూషలేముకు రప్పించడం 2 దినవృత్తాంతములు 33లో ఉన్నాయి. తిరిగొచ్చాక అన్యదేవతల్ని, మందిరంలోని విగ్రహాన్ని తీసివేశాడు, యెహోవా బలిపీఠాన్ని బాగు చేశాడు. అయినా జనం ఉన్నత స్థలాల్లో (మందిరం బయట, కొండల మీద ఉండే పూజా స్థలాల్లో) బలులు మానలేదు. రాజు మారినంత మాత్రాన ఊరంతా మారిపోదు కదా.

రెండోది, అసలు విషయం. “కష్టం తిప్పుతుంది” అన్న మాటను “తప్పకుండా తిప్పుతుంది” అని చదవకండి. మనష్షే తాత ఆహాజునే చూడండి. 2 దినవృత్తాంతములు 28 ప్రకారం, ఆపదలో అతను ఇంకా ఎక్కువ ద్రోహం చేశాడు. తనను ఓడించిన దమస్కు దేవతలకే బలులు అర్పించి, చివరికి యెహోవా మందిరం తలుపులు మూయించాడు. ఒకే వంశం, ఇద్దరికీ కష్టమే. తేడా ఎక్కడుందంటే, మనష్షే తనను తాను తగ్గించుకున్నాడు.

ఇంకొకటి. జబ్బుతోనో అప్పులతోనో టెన్షన్ పడుతున్నవాళ్ళకు ఆ పోస్టు పంపి “నీ పాపం వల్లే” అనకండి. లూకా 13లో సిలోయము గోపురం కూలి చనిపోయిన 18 మంది మిగతావారికంటే పెద్ద పాపులు కారని యేసే చెప్పాడు. 119వ కీర్తనలో శ్రమ తనకు మేలు చేసిందని చెప్పింది కూడా ఆ శ్రమ పడిన మనిషే, పక్కనున్నవాడు కాదు.