జియోట్యాగ్ ఫోటో గారికి

మహారాజశ్రీ జియోట్యాగ్ ఫోటో గారి దివ్య సముఖమునకు,

శనివారం సాయంత్రమే తమరిని మా కాలేజీ ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) గ్రూపులో ఎక్కించారు. దర్శనమైంది. ఒంటి నిండా అక్షాంశం, రేఖాంశం, తేదీ, టైమ్, మూలన బుల్లి మ్యాప్. మేం ఆ ఊళ్లో ఉన్నామనడానికి ఇంకేం కావాలి? ఉండి ఏం చేశామన్నది ఎవరూ అడగరు కాబట్టి అది మాత్రం తమరిలో లేదు.

ఊరు కోలార్ జిల్లాలో, శ్రీనివాసపుర దగ్గర. బెంగళూరు నుంచి బస్సులో ముందు సీటు బ్యానర్‌ది, వెనక సీట్లు మావి. దిగగానే చీపుర్లు పట్టుకుని తమరి కోసం నిలబడ్డాం. సిగ్నల్ లేక లొకేషన్ హొస్కోటె టోల్ గేటు దగ్గరే ఆగిపోయింది. రేపు కాలేజీలకు గ్రేడులిచ్చే నాక్ టీమ్ వచ్చి, వీళ్లు టోల్ గేటు ఊడ్చారనుకుంటే కాలేజీ పరువేం కావాలి? అందుకని ఊడ్చిన చెత్తనే మళ్లీ పరిచి, మళ్లీ ఊడ్చాం.

పోయినేడు మొక్క నాటిన గుంతలోనే ఈ ఏడు మొక్క నాటడం గురించి నేనేమీ అనను. గుంత తవ్వే పని తప్పింది. తెలుగు మాట్లాడే ఊరికి ఇంగ్లిష్ సర్వే ఫారాలు తెచ్చారని కూడా అనను. ఆ పూటకి నన్ను దుబాసీని చేశారు, సంతోషం.

అలా ఫారం నింపుతుంటే ఒక అవ్వ అడిగింది: "ఏం పాపా, పోయినేడు మీ పిల్లోళ్లు మా బోరు నీళ్లు సీసాల్లో పట్టుకుపోయినారే, ఏమని తేలింది?"

"కనుక్కుని చెప్తా అవ్వా" అన్నాను.

"వాళ్లూ అట్లే చెప్పినారులే" అంది.

కనుక్కున్నాను. పోయినేటి రిపోర్టులో, చివరి అనుబంధంలో, రంగుల బార్ చార్టుతో సహా ఉంది. లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఫ్లోరైడ్ ఫరవాలేదని, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా సర్దుకోవచ్చని మన దేశ ప్రమాణం. ఆ బోరు రెండో గీత కూడా దాటింది. మరి ఊళ్లో ఎందుకు చెప్పలేదని కాలేజీలో అడిగితే, "టెస్టింగ్ వరకే అమ్మా మన యాక్టివిటీ. ఫోటో ఉంది కదా!" అన్నారు.

ఉంది. నువ్వు ఉన్నావు. నువ్వు ఉన్నావు కాబట్టే ఎవరూ చెప్పలేదు. ఏడాదిగా ఆ ఊరి పిల్లలు అవే నీళ్లు తాగుతున్నారు. ఆ ఫ్లోరైడ్‌కి వాళ్ల పళ్ల మీద పడ్డ గోధుమరంగు మచ్చలు మన సర్వే ఫారంలో ఏ గడిలోనూ పట్టవు. పాపం, అవ్వ కోడలు ఆ నీళ్లను కాచి మరీ పోస్తోంది. కాస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరి ఇంకాస్త చిక్కబడుతుంది. ఈ ముక్క చెప్పడానికి బస్సూ బ్యానరూ ముఖ్య అతిథీ కావాలా? ఒక్క ఫోన్ కాల్ చాలదూ? బెంగళూరు వాడి పారేసిన నీళ్లని శుద్ధి చేసి 2018 నుంచి కోలార్ చెరువులకు పంపుతున్నాం. అంత దూరం మన మురుగు వెళ్లగలిగింది, వాళ్ల నీళ్ల కబురు వెళ్లలేకపోయింది.

క్షమించాలి, నోరు జారింది. తమరు లేని కాలమూ ఒకటుండేది. 1969లో, గాంధీగారి శతజయంతి ఏడాది, 37 విశ్వవిద్యాలయాల్లో 40,000 మంది విద్యార్థులతో ఎన్ఎస్ఎస్ మొదలైంది. అక్షాంశం లేకుండా వాళ్లు సేవ చేశారంటే ఎవరు నమ్మారో ఏమో!

అన్నట్టు, తమరిలో అవ్వ కూడా ఉంది. చేయి పట్టుకుని ముందు వరసలోకి లాగారు. ఆమె నోరు తెరిచి ఉంది, చేయి బోరు వైపు చూపిస్తోంది. కింద ఏం రాశారో తమరికి తెలుసు: "లబ్ధిదారులతో ఆనంద క్షణాలు."

ఈ ఆదివారం ఆ చార్టు పేజీ జిరాక్స్ తీసుకుని మెజెస్టిక్‌లో బస్సెక్కుతున్నాను. ఇది ఎన్ఎస్ఎస్ కింద రెండేళ్లలో పూర్తి చేయాల్సిన 240 గంటల సేవలో కలవదట. ఫరవాలేదు. తమరు రానక్కర్లేదు.

ఇట్లు,
రెండో వరసలో ఎడమ నుంచి నాలుగో చీపురు